హైదర్ సాబ్ అనుమానాల గడి

గద్వాల కంటి కేంద్రంలో పేర్లు రాసే హైదర్ సాబ్‌కు లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు. మనుషులంతా ఎక్కడో ఒకచోట ముందే పేరు రాయించుకుని, మళ్లీ కొత్తగా రాయించుకోవడానికే తన దగ్గరికి వస్తారని ఆయన గట్టి అభిప్రాయం. అందుకే వెతికి చూడనిదే ఆయన ఏ పేరూ రాయడు. పేరే కాదు, ఏ పనీ చేయడు.

కూతురు అల్ఫియా పుట్టిన రోజు పుట్టుక రాయించడానికి వెళ్లి, రాసేముందు పాత పుస్తకాలు తిరగేయమని గుమాస్తాను పట్టుకున్నాడట. "పొద్దుగాల పుట్టిందంటున్నవు గద సాబ్, నిన్నటి పుస్తకంల ఎట్లుంటది?" అని గుమాస్తా అడిగితే, "సూస్తే పొయ్యేదేముంది?" అన్నాడట. మూడేళ్ల పుస్తకాలు చూశారు. లేదు. అప్పుడుగానీ తనకు కూతురు పుట్టిందని ఆయనకు నమ్మకం కుదరలేదు.

ఇంట్లో భార్య సుల్తానాబీ కూరలో ఉప్పు వేయబోతే, ముందే వేశావేమో రుచి చూడమనేవాడు. ఆమె చూసేది. ఆమె సరిగ్గా చూసిందో లేదోనని ఆయన చూసేవాడు. ఇద్దరికీ తేడా వస్తే కూతుర్ని పిలిచేవారు. ఆ ఇంట్లో కూర పొయ్యి దిగేసరికి సగమే మిగిలేదని, అందుకే ముగ్గురూ అంత సన్నగా ఉంటారని వీధిలో వాళ్లు అనేవారు.

తమ్ముడి కొడుకు ఇమ్రాన్ పెళ్లి దావతులో ఆయన్ను పందిరి వాకిట్లో నిలబెట్టడం పెద్ద పొరపాటు. నాలుగు వందల మొహాలు గుర్తుపెట్టుకున్నాడు. తినని వాళ్లను లోపలికి పంపాడు. తిని మళ్లీ వచ్చిన వాళ్లకు మీఠా అనే తీపి మాత్రం పెట్టించాడు. ఆఖరున ఆకలితో పెళ్లికొడుకు వచ్చాడు. మొదటి పంక్తిలో ఫొటో కోసం కూర్చున్నావు, నాకు గుర్తుంది అని చెప్పి, అతనికీ మీఠాతోనే సరిపెట్టాడు.

ఈ కథలన్నీ రెబెకా వనపర్తిలో ఉండగానే విన్నది. విని నవ్వుకుంది కూడా. గద్వాలకు వెళ్లి ఆయన లెక్క తేల్చిరమ్మని హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చినప్పుడు మాత్రం ఆమెకు నవ్వు రాలేదు.

రెబెకా, హైదర్ సాబ్ ఇద్దరూ పనిచేసేది ఒక ధర్మ కంటి ఆస్పత్రికి. శుక్లాలు వచ్చిన ముసలివాళ్ల పేర్లు రాసుకోవడం, వంతు వచ్చినప్పుడు కబురు పంపడం పని. డాక్టర్లు ఏడాదికి రెండుసార్లు వస్తారు. వచ్చినప్పుడు యాభై కళ్లకు మించి చేయలేరు. చూపు మసకబారిన వాళ్లు మాత్రం రెండు వేలకు తక్కువ లేరు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు కేంద్రాలకూ కలిపి ఒకటే లైను. మూడింటి అజమాయిషీ ఈ మధ్యే రెబెకాకు వచ్చింది.

ఈ లైను 2006లో పుస్తకాల్లోంచి కంప్యూటర్లోకి ఎక్కింది. హైదరాబాదు ఇంజినీర్లు ఇంటర్నెట్లో ఒక పేజీ తయారుచేసి ఇచ్చారు. పేరు, ఊరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు నింపి మీట నొక్కాలి. ఆ మనిషి ముందే ఉంటే మిషన్ పాత పద్దునే దిద్దుతుంది, నంబరు మారదు. లేకుంటే కొత్త పద్దు చేర్చి లైను చివరి నంబరు ఇస్తుంది. ఉంటే దిద్దడం, లేకుంటే చేర్చడం. ఇంతే శాస్త్రం.

అయితే నాలుగు గడుల్లో ఒక్కటి తప్పినా మిషన్‌కు అది కొత్త మనిషే. మన ముసలివాళ్లకేమో రెండుసార్లు అడిగితే రెండు వయసులు. దానికితోడు రెండుచోట్ల పేరుంటే వంతు రెండింతలు తొందరగా వస్తుందని ఎవరో పుకారు పుట్టించారు. మిగతా రెండు కేంద్రాల్లో చెప్పింది చెప్పినట్టు రాసి మీట నొక్కేవారు. హైదర్ సాబ్ మిషన్‌ను కూడా నమ్మడు. ఊరి పేరుతో ఒకసారి, తండ్రి పేరుతో ఒకసారి, పేరులో సగంతో ఒకసారి వెతికాకే మీట మీద వేలు పెట్టేవాడు.

బుచ్చన్న అనే ఆసామి ఒకరోజు పొద్దున నాగర్‌కర్నూలులో, మధ్యాహ్నం వనపర్తిలో పేరు రాయించుకుని, సాయంత్రానికి గద్వాల చేరాడు. హైదర్ సాబ్ తెర మీదికి, మనిషి మీదికి మార్చి మార్చి చూశాడు.

"వయసెంత?"

"అరవై ఐదు సాబ్."

"పొద్దుగాల నాగర్‌కర్నూల్ల యాభై ఎనిమిది. పగటీలి వనపర్తిల అరవై ఒకటి. బస్సు గంత లేటుగ నడిచిందా?"

బుచ్చన్న తలకున్న రుమాలు తీసి మొహం తుడుచుకుని, రోడ్డు బాగా లేదన్నాడు. హైదర్ సాబ్ మొదటి పద్దు ఉంచి వనపర్తిది తీయించాడు, మూడోది రాయనే లేదు. వెళ్తూ వెళ్తూ ఆ మొదటిదైనా నాదేనా అని బుచ్చన్నే అనుమానంగా అడిగాడట.

ఇలాంటి మనిషి మీద రెబెకాకు అనుమానం ఎందుకొచ్చిందంటే, దానికి ఒక నిబంధన కారణం. ఏడాదిపాటు ఎవరూ ముట్టని పద్దును లైనులోంచి తీసేస్తారు. చనిపోయినవాళ్లు, వేరేచోట ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అడ్డం ఉండకూడదని ఆ ఏర్పాటు. మనిషి వచ్చి కనబడినా, ఫోన్లో మాట్లాడినా, ఉన్నట్టు దిద్దితే పద్దుకు మరో ఏడాది ఆయుష్షు. వనపర్తిలో, నాగర్‌కర్నూలులో పుణెకు, బొంబాయికి పనికి వెళ్లినవాళ్ల పేర్లు ఏడాది తిరగ్గానే పోతున్నాయి. గద్వాలలో ఒక్కటీ పోలేదు. గట్టు మండలం వైపు పల్లెల నుంచి వలస వెళ్లిన మూడు వందల పైచిలుకు మంది పద్దులు తప్పకుండా దిద్ది ఉన్నాయి. దిద్దినవన్నీ శనివారాలే. ఊళ్లో లేని మనుషులు, సొంత ఫోన్లు కూడా లేనివాళ్లు, శనివారం శనివారం ఆయనకు ఎట్లా దొరుకుతున్నారు? ఎవరి దగ్గరో ఏదో పుచ్చుకుని పేర్లు నిలబెడుతున్నాడని హైదరాబాదు అనుమానం. నిజమైతే సోమవారానికల్లా మూడు వందలూ తీసేయమని ఆజ్ఞ.

2008 మే నెలలో ఒక గురువారం రెబెకా గద్వాల కేంద్రంలో అడుగుపెట్టింది. హైదర్ సాబ్ లేచి నమస్కారం పెట్టాడు. కూర్చోమనలేదు.

"మీరు రెబెకా మేడమే అని నమ్మకమేంది?"

ఆమె గుర్తింపు కార్డు చూపించింది. కార్డులో కళ్లద్దాలు లేవు, మీకున్నాయి అన్నాడు. అద్దాలు తీసింది. ఇప్పుడు అద్దాల మచ్చ ఉంది, కార్డులో లేదు అన్నాడు. ఆఖరికి కంప్యూటర్ వైపు తిరిగి, ఆమె పేరుతోనే వెతికాడు.

"రెబెకా. వనపర్తి. వయసు డెబ్బై రెండు. కుడికన్ను శుక్లం, ఆపరేషన్ అయింది." తల తిప్పి ఆమె కుడికన్ను వైపు కాసేపు చూశాడు. "మంచిగ జేసిండ్రు."

"అది మా నానమ్మ సాబ్. ఆమె పేరే నాకు పెట్టిన్రు."

"అందరు గట్లనే జెప్తరు."

శనివారాల సంగతి అడిగితే మాత్రం మాట దాటేశాడు. పద్దుల పని అన్నాడు. ఎవరితో మాట్లాడి దిద్దావు అంటే, మాట్లాడవలసిన వాళ్లతోనే అన్నాడు. కుర్చీ పక్కనున్న గుడ్డసంచిని మెల్లగా కాలితో బల్ల కిందికి జరిపాడు. రెబెకా అది చూసింది. ఆమె చూసినట్టు ఆయనా చూశాడు.

ఆమె ఒక పద్దు ఎంచుకుంది. నంబరు రెండు వందల పన్నెండు. జములమ్మ, భర్త కీర్తిశేషుడు వెంకట్రాములు, వయసు అరవై ఆరు, ఊరు గట్టు దగ్గర ఒక పల్లె. మూడేళ్ల కింద రాయించుకున్న పేరు. వచ్చే జూన్‌లో పిలిచేది రెండు వందల ముప్పై దాకా. అంటే ఈ ముసలమ్మ వంతు వాకిట్లోకి వచ్చేసింది. కానీ ఆమె రెండేళ్లుగా పుణెలో కొడుకు దగ్గరుంది. సోమవారం ఈ పద్దు తీసేస్తే, ఆమె తిరిగి వచ్చిననాడు కొత్త పద్దు చేర్చాలి, రెండు వేల తర్వాత నంబరు ఇవ్వాలి, మళ్లీ మొదటినుంచి ఎదురుచూడాలి. పద్దు దొంగదైతే మరి? వెనకున్న రెండు వందల పదమూడో మనిషికి అన్యాయం. ఎటూ తేలక, ఆ సంచి ఎటు పోతుందో చూద్దామని రెబెకా గద్వాలలోనే ఉండిపోయింది.

శుక్రవారం నమాజు ముగించుకుని హైదర్ సాబ్ సంచి తగిలించుకుని లూనా ఎక్కాడు. రెబెకా మొహానికి చున్నీ చుట్టుకుని ఆటోలో వెనకాలే బయల్దేరింది. గట్టు రోడ్డు మీద ఆయన లూనా ఆపి వెనక్కి చూశాడు. ఆటో ఆగింది. మళ్లీ కదిలాడు. ఆటో కదిలింది. ఇట్లా నాలుగుసార్లు అయ్యాక ఆయన లూనాను వేరుశనగ చేను పక్కన నిలబెట్టి, ఆటో దగ్గరికి నడిచి వచ్చాడు.

"మేడం, చున్నీ గట్టుకుంటె చెప్పులు మారుతయా? నిన్నటి చెప్పులే ఏసుకున్నరు."

రెబెకా చున్నీ తీసేసింది. ఇక దాచేందుకేముందని, జములమ్మ ఇంటికి తీసుకుపొమ్మంది. ఆయన ఆలోచించి, ముందు మీరు నడవండి, వెనక నేనొస్తానన్నాడు. దారి తెలియదంటే, అది నిజమేనా అని అడిగాడు.

జములమ్మ ఇంటికి తాళం ఉంది. పక్కింటి బాలమణి అరుగు మీద వేరుశనగకాయలు వొలుస్తోంది. హైదర్ సాబ్‌ను చూడగానే చాట పక్కన పెట్టి, కాలుతున్న పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చుయ్యిమంది.

"వచ్చిండు నెలకోసారి పోలీసు. పుణెకు పోయిందంటి గద."

"నమ్మకమేంది?"

"తాళం కనబడ్తలేదా?"

"బయట తాళమేసి లోపల కూసున్నోళ్లను శానమందిని సూసిన."

ఆయన తలుపు సందులోంచి లోపలికి తొంగి చూశాడు. తాళం పట్టుకుని లాగాడు. అప్పుడు సంచి విప్పాడు. రెబెకా మెడ చాచి చూసింది. లంచంగా పుచ్చుకున్న కోడి కాదు, కాయలు కావు. పొడుగాటి నోటు పుస్తకం ఒకటి. దాన్నిండా మేస్త్రీల పేర్లు, ఫోన్ నంబర్లు. ఒకటి కొట్టేసి ఒకటి, అదీ కొట్టేసి ఇంకొకటి. ఒక బిల్డింగు అయిపోగానే ముఠా ఇంకో బిల్డింగుకు పోతుంది, మేస్త్రీ మారితే నంబరు మారుతుంది. కొత్త నంబరు ఊళ్లో మిగిలినవాళ్ల దగ్గరే దొరుకుతుంది. అందుకే ఈ శుక్రవారపు ప్రయాణాలు. బాలమణి సణుగుతూనే గోడ మీద బొగ్గుతో రాసిపెట్టుకున్న నంబరు చూపించింది. ఇప్పటి మేస్త్రీ రామచంద్రయ్యట.

హైదర్ సాబ్ తన సెల్‌ఫోన్లో ఆ నంబరు నొక్కి, అందరికీ వినబడేలా పెట్టాడు. అవతల రామచంద్రయ్యకు వేరే ముఠా నడిపినప్పటి నుంచే ఈ గొంతు ఎరుక, మారు మాట్లాడకుండా ఫోన్ జములమ్మకు అందించినట్టుంది. ముసలి గొంతు వినిపించింది.

"ఎవరు?"

"నేనడగాల్సిన మాట అది. నువ్వెవరు?"

"జములమ్మను."

"నమ్మకమేంది? బాలమణితోని కొట్లాట ఎందుకైంది?"

"నేను కొట్లాడలే, అదే కొట్లాడింది. దాని కోడి మా దొడ్లె గుడ్డు పెట్టె. మా దొడ్లె పెట్టిన గుడ్డు మాదే."

బాలమణి అరుగు దిగి వచ్చి ఫోన్ లాక్కుంది. "గుడ్డు నీదా? కోడికి జొన్నలు నువ్వేసినవా?" అని మొదలుపెట్టి, కోడి పుట్టు పూర్వోత్తరాలన్నీ చెప్పింది. అవతలి నుంచి ఒక్క మాట తగ్గలేదు. హైదర్ సాబ్ చేతులు కట్టుకుని, సంగీతం వింటున్నట్టు తల ఊపుతూ విన్నాడు. కొట్లాట మంచి పట్టు మీదున్నప్పుడు ఫోన్ వెనక్కి తీసుకున్నాడు.

"ఈమెనే," అన్నాడు రెబెకాతో. మళ్లీ ఫోన్లో, "గొంతు బొంగురు పోయిందేంది?"

"ఏం లేదు సాబు. సిమెంటు దుమ్ము."

"జ్వరమా?"

"నిన్న జర వచ్చింది."

"గోళీ ఏసుకున్నవా? ఏ రంగుది?"

"తెల్లది."

"తెల్లయి నూరు రకాలుంటయి. మేస్త్రీకియ్యి." రామచంద్రయ్యకు ఆ సాయంత్రమే ఆమెను దవాఖానలో చూపించమని గట్టిగా చెప్పి, చూపించినట్టు చీటీ చదివి వినిపిస్తేనే నమ్ముతానన్నాడు. మళ్లీ జములమ్మను పిలిపించాడు. "కన్నెట్లుంది?"

"మనుమరాలు ఒళ్లెకొస్తె తెలుస్తది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో చప్పుడును బట్టి చెప్త."

హైదర్ సాబ్ నోటు పుస్తకంలో పాత నంబరు కొట్టేసి కొత్తది రాసుకున్నాడు. "వచ్చే నెల నీ వంతు. వానలు పడంగనే కొడుకును తోలుకొని రావాలె. రాకుంటె నేనే పుణెకొస్త, నువ్వున్నవో లేవో సూడనీకి."

ఫోన్ పెట్టేసి ఆయన రెబెకా వైపు తిరిగాడు. మొహంలో ఏ నేరమూ లేదు. "సూసిన్రా మేడం, ఎంత గుట్టు మనిషో. అడగకుంటె జ్వరం సంగతి చెప్పేదా?"

తిరిగి వచ్చేటప్పుడు రెబెకా ఆయన్ను ఒకటే మాట అడిగింది. ఇదంతా ఎవరికీ చెప్పలేదెందుకని.

"చెప్తె అందరు నాతోని మంచిగ మాట్లాడ్తరు. మంచిగ మాట్లాడెటోళ్లను నమ్ముడెట్ల? తిట్టినప్పుడే అసలు మనిషా కాదా తెలుస్తది."

శనివారం ఆమె గద్వాల కేంద్రంలోనే కూర్చుని ఆ మూడు వందల పద్దులూ ఒక్కొక్కటే తెరిచింది. హైదరాబాదు జాబితాలో పేర్లూ తేదీలే వస్తాయి. పద్దు తెరిస్తేగానీ కనబడని గడి అడుగున ఒకటుంది, అభిప్రాయం రాయడానికి. మిగతా కేంద్రాల్లో అది ఎప్పుడూ ఖాళీయే. ఇక్కడ నిండి ఉంది.

'కొడుకు పక్కన లేనప్పుడే కంటి సంగతి చెబుతున్నాడు. అనుమానం. కొడుకుతో విడిగా మాట్లాడాలి.'

'చాలా నవ్వుతూ మాట్లాడింది. అనుమానం. తిండి సరిగా లేదేమో. వచ్చే వారం మళ్లీ.'

'పని మానేశానంటున్నాడు, వెనక రాళ్లు కొట్టే చప్పుడు వినబడింది. అబద్ధం. మేస్త్రీని అడిగితే నీడలో కూర్చోబెట్టానన్నాడు. మేస్త్రీ మీదా అనుమానమే.'

మూడు వందల అనుమానాలు. రెబెకా చదువుతూ చదువుతూ మధ్యలో అద్దాలు తీసి తుడుచుకుంది. రెండు వందల పన్నెండులో మాత్రం, కిందటి మాసం రాసినది ఒకటి వేరుగా ఉంది. 'మనవరాలికి నడక వచ్చిందట. నెలలు లెక్క వేశాను, సరిపోయింది. నమ్మాను.'

సోమవారం ఆమె పంపిన జవాబు పొట్టిది. గద్వాల పద్దులు అన్నీ నిజం, ఒక్కటీ తీయవద్దు, మిగతా రెండు కేంద్రాల్లో పోయిన వలసవాళ్ల పేర్లు పాత నంబర్లతో వెనక్కి చేర్చాలి. చివర ఒక సలహా కూడా రాసింది. మీట నొక్కగానే గుడ్డిగా కొత్త పద్దు చేర్చకుండా, పోలిక ఉన్నవాళ్లను మిషనే వెతికి చూపించి అడిగితే బాగుంటుందని. ఇంజినీర్లకు ఆ మాట నచ్చి, నెల తిరక్కుండా పేజీని మార్చారు.

జూన్‌లో జములమ్మ వచ్చింది. రెండు వందల పన్నెండో నంబరు మీద కుడికన్ను ఆపరేషన్ అయింది. హైదర్ సాబ్ ఆ పద్దులో 'అయింది' అని రాసి మూసేశాడు.

వారం తర్వాత ఆమె కంటిమందు కోసం వచ్చిన రోజున రెబెకా కూడా గద్వాలలోనే ఉంది. జములమ్మ నల్లద్దాలు పైకెత్తి హైదర్ సాబ్‌ను కింది నుంచి పైదాకా చూసి, గొంతు విని ఇంకా లావుగా ఉంటావనుకున్నానంది. మనవరాలు నవ్వితే బుగ్గ మీద సొట్ట పడుతుందని కూడా చెప్పింది. ఆ సొట్ట వెంకట్రాములుదట. ఇక ఎడమకన్ను పేరు రాసుకో, రేపు మళ్లీ పుణె బండి ఎక్కాలి అంది.

ఒక కన్ను పద్దు మూశాక రెండో కంటికి కొత్త పద్దే చేర్చాలి. హైదర్ సాబ్ పేజీ తెరిచి పేరు, ఊరు, వెంకట్రాములు పేరు, వయసు చకచకా నింపాడు. వేలు నేరుగా మీట మీదికి పోయింది. రెబెకా తన కళ్లను తాను నమ్మలేకపోయింది.

"సాబ్, ఎతకలేదు."

"గీమెను ఎతుకుడేంది మేడం. నాకెరుక గద."

నొక్కాడు. తెర మీద ఎర్రగా ఒక ప్రశ్న వచ్చింది. ఈ ఊరిలో ఇదే పేరుతో, ఇదే భర్త పేరుతో ఒకరు ముందే ఉన్నారు. ఈమె కొత్త మనిషేనా? సరిగ్గా విచారించారా?

హైదర్ సాబ్ అది రెండుసార్లు చదివాడు. మొహం కందగడ్డలా అయింది. మళ్లీ నొక్కాడు. మిషన్ మళ్లీ అదే అడిగింది. ఆయన కుర్చీ వెనక్కి జరిపి, న్యాయం చెప్పమన్నట్టు రెబెకా వైపు చూశాడు.

"మనిషి ఎదురుంగ కూసున్నంక గూడ నమ్మదేంది మేడం ఇది? గింత అనుమానమైతె దీనితోని కాపురం జేసుడెట్ల?"